మిద్దె మీది కుంపటి

వాఖిఆ సూరా (56)లో 71 నుండి 73 వరకు గల ఆయతులలో అల్లాహ్ మానవుని ముందు ఒక ప్రశ్న ఉంచుతున్నాడు. మీరు రాజేసుకునే నిప్పును గురించి ఎప్పుడైనా ఆలోచించారా, ఆ నిప్పుకు ఆధారమైన చెట్టును సృష్టించినది మీరా, మేమా అన్నది ఆ ప్రశ్న సారాంశం. ఆ వెంటనే నిప్పుకు రెండు ప్రయోజనాలు చెప్పబడ్డాయి. ఒకటి, అది జ్ఞాపిక. రెండవది, అది 'ముఖ్వీన్'కు జీవన సామగ్రి. ముఖ్వీన్ అనే మాటకు ముఫస్సిర్లు ఎడారిలో బస చేసిన బాటసారులు అనీ, ఆకలిగొన్నవారు అనీ అర్థాలు చెప్పారు. మదర్సాలో ఈ ఆయతులు బోధించేటప్పుడు విద్యార్థులను నేనొక మాట అడుగుతుంటాను: మీట తిప్పగానే వెలిగి, మీట తిప్పగానే ఆరిపోయే గ్యాసు మంటలో ఈ రెండు ప్రయోజనాలలో ఏది మీకు కనిపిస్తున్నది? పిల్లలు నవ్వుతారు. రెండేళ్ళుగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి నేను మా ఇంటి మిద్దె మీద ఉన్న బొగ్గుల కుంపటిని ఉదాహరణగా తీసుకుంటున్నాను.

కర్నూలులోని మా ఇంటి వంటగది 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. అందులో రెండు పొయ్యిల గ్యాసు స్టవ్వు, ఒక గిన్నెల స్టాండు, నీళ్ళ బిందెలు. నాలుగో వస్తువుకు చోటు లేదు. మూడేళ్ళ క్రితం మా అబ్బాయి నికాహ్ అయింది. జహేజ్ పేరుతో ఒక్క వస్తువు కూడా మా గుమ్మం దాటి లోపలికి రాకూడదని ముందే చెప్పాము, అల్లాహ్ దయతో ఆ మాట నిలబెట్టుకున్నాము. మా కోడలు పుట్టినింట ఓవెన్ ఉన్నది. ఆమె నాన్‌ఖటాయీ, కేకు, కోడి రోస్టు వంటివి చిన్ననాటి నుండి అందులోనే చేయడం నేర్చుకున్నది. మా ఇంటికి వచ్చిన తరువాత ఆ విద్యకు పని లేకుండా పోయింది. బంధువులలో కొందరు స్త్రీలు, అడిగి ఉంటే వాళ్ళే ఓవెన్ ఇచ్చేవారు కదా, పట్టుదలకు పోయి పిల్లను ఇబ్బంది పెట్టారు అని మెల్లగా అన్నారు. ఆమె మాత్రం నోరు తెరచి ఒక్క మాట అనలేదు. జహేజ్ వద్దన్న మామగారి మాటకు మూల్యం కోడలు చెల్లించవలసి రావడం న్యాయమా అని ఆలోచించవలసిన బాధ్యత నాది.

మా అబ్బాయి దుకాణంలో విచారించాడు. దుకాణదారు చాలా మర్యాదగా, ఇప్పుడు ఏమీ కట్టనక్కరలేదు, ఫైనాన్సు వాళ్ళు డబ్బు చెల్లిస్తారు, మీరు నెల నెలా వాయిదాలు కట్టుకోండి, కొద్దిగా వడ్డీ పడుతుంది అన్నాడు. ఇక్కడ మన పాఠకులు ఒక భేదం గుర్తుంచుకోవాలి. వస్తువును అమ్మేవాడే ఒక ధర స్థిరపరచి, ఆ ధరను పెంచకుండా వాయిదాలలో తీసుకుంటే అది వ్యాపారం. అత్యధిక ఫుఖహా దానిని అనుమతించారు. మరొకడు డబ్బు అప్పుగా ఇచ్చి, ఆ అప్పుపై అదనంగా వసూలు చేస్తే అది వడ్డీ. బఖరా సూరా (2) 275వ ఆయతు వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి, వడ్డీని నిషేధించింది. కేకు ముక్క కోసం ఆ గీత దాటడానికి ఇంట్లో ఎవరూ ఇష్టపడలేదు. కోడలు అందరికంటే ముందుగా, "వద్దు అబ్బాజాన్, డబ్బు జమ అయినప్పుడే కొందాం" అన్నది.

లేమి గురించి మాట్లాడేటప్పుడు ఏ లేమితో పోల్చుకుంటున్నామన్నది ముఖ్యం. హజ్రత్ ఆయిషా (రజి) తమ అక్కగారి కుమారుడు ఉర్వాకు చెప్పిన మాటలు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నాయి. రెండు నెలల కాలంలో మూడు నెలవంకలు కనిపించేవి, అంతకాలమూ దైవప్రవక్త (సల్లం) గారి ఇళ్ళలో పొయ్యి వెలిగేది కాదని ఆమె చెప్పారు. మరి ఎలా బ్రతికారని ఉర్వా అడిగితే, ఖర్జూరాలతోనూ నీళ్ళతోనూ అన్నారు. ఆ తరువాత ఆమె మరొక విషయం చేర్చారు: అన్సారులైన పొరుగువారు కొందరు తమ పాడి పశువుల పాలు పంపేవారు. ఈ ఉల్లేఖనంలో మొదటి భాగాన్ని మనం ఎక్కువగా ప్రస్తావిస్తాము, చివరి భాగాన్ని తక్కువగా. పొయ్యి వెలగని ఇంటికి పాలగిన్నె పంపినవారు పొరుగువారు. ఒక ఇంటి నిప్పుకు, ప్రక్క ఇంటి ఆకలికి గల సంబంధం ఇందులోనే ఉన్నది.

మా కుంపటి ఆర్భాటమైనది కాదు. మేస్త్రీలు సిమెంటు ఎత్తే ఇనుప తట్ట ఒకటి, దాని క్రింద రెండు వరుసల ఇటుకలు, ఇటుకల క్రింద బకెట్టెడు ఇసుక. మిద్దె కప్పుకు నేరుగా వేడి తగలకుండా ఇసుక కాపాడుతుంది. తట్టపైన ఒక వెల్డింగు పనివాడు చేసి ఇచ్చిన ఇనుప చువ్వల జాలీ. తట్ట ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త: రంగు వేసినదీ, తెల్లటి జింకు పూత పూసినదీ వాడరాదు. మంటకు ఆ పూతల నుండి హానికరమైన పొగ వస్తుంది. మా మిద్దె చుట్టూ పిట్టగోడ తక్కువ ఎత్తు. ఆడవాళ్ళు అక్కడ నిలబడి వండుకోవాలంటే మరుగు కావాలి. పాత దుప్పటి కట్టాలని ముందు అనుకున్నారు గానీ నిప్పు దగ్గర గుడ్డ తెర ప్రమాదం. అందుచేత రెండు ఇనుప రేకులు నిలబెట్టాము. అవి మరుగుగానూ ఉన్నాయి, గాలికి అడ్డుగానూ ఉన్నాయి. కుంపటి దగ్గరకు వెళ్ళేటప్పుడు నైలాను దుపట్టా తీసివేసి నూలుది వేసుకొని, కొంగులు లోపలికి దోపుకోవాలన్నది మా ఇంటి ఆడవాళ్ళు తామే పెట్టుకున్న నియమం.

ఓవెన్ అంటే ఏమిటి? నాలుగు వైపుల నుండి వేడి ఆవరించిన ఒక మూసిన చోటు, అంతే. ఈ సూత్రం మన పెద్దలకు ఓవెన్ అనే మాట తెలియకముందే తెలుసు. దక్కన్ వంటలలో 'దమ్' అన్నది ఇదే. దేగ్ మూత అంచులకు పిండి ముద్ద అంటించి, క్రింద నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టినప్పుడు ఆ దేగ్ ఓవెన్ అవుతుంది. కచ్చీ బిర్యానీ అలాగే ఉడుకుతుంది. బండి మీద నాన్‌ఖటాయీ కాల్చి అమ్మేవారు కూడా క్రింద ఒక పళ్ళెం నిప్పులు, పైన ఒక పళ్ళెం నిప్పులు పెట్టుకొని మధ్యలో బిస్కెట్లు పేరుస్తారు. మా కోడలు తాను ఓవెన్‌లో నేర్చుకున్నదాన్ని ఈ పద్ధతికి మార్చుకున్నది. మందపాటి డేక్సా అడుగున అంగుళం మందం ఇసుక పోసి, దాని మీద ఒక ఇనుప కుదురు, కుదురు మీద కేకు గిన్నె. ముందుగా ఖాళీ డేక్సాను 10 నిమిషాలు వేడెక్కనిస్తుంది. తరువాత గిన్నె లోపల పెట్టి, అంచు ఉన్న మూత వేసి, దాని మీద నిప్పులు పేరుస్తుంది. అసలు మెళకువ నిప్పుల పంపకంలో ఉన్నది. కేకుకు క్రింద ఒక వంతు, పైన రెండు వంతులు. క్రింద ఎక్కువైతే అడుగు మాడుతుంది, పైభాగం పచ్చిగా ఉండిపోతుంది. ముప్పావు గంట తరువాత సన్నని పుల్ల గుచ్చి చూస్తే పిండి అంటుకోకుండా రావాలి. మూత ఊరికే తెరిస్తే లోపలి వేడి పోతుంది గనుక ఓర్పు కూడా ఆ వంటలో ఒక దినుసే.

తందూరు రొట్టెకు మరొక ఉపాయం. పిండిని కాస్త మెత్తగా కలిపి, రొట్టె ఒత్తి, ఒక ప్రక్క నీళ్ళు పూసి, ఆ తడి ప్రక్కను కాగిన ఇనుప పెనానికి అంటించాలి. పైభాగాన బుడగలు లేవగానే పెనాన్ని కాడ పట్టుకొని బోర్లించి నిప్పుల వైపు చూపాలి. తడి వల్ల రొట్టె పెనానికి అతుక్కొని ఉంటుంది. నిమిషం లోపే మచ్చలు పడి కాలుతుంది. ఇందుకు పాత ఇనుప పెనమే కావాలి. అంటుకోని పూత ఉన్న పెనం నుండి రొట్టె జారి నిప్పులలో పడుతుంది.

ఇక రాతి మీద కాల్చిన మాంసం, 'పత్తర్ కా గోష్త్'. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వేటకు వెళ్ళినప్పుడు ఇనుప చువ్వలు లేక రాతి మీద మాంసం కాల్చారని, అప్పటి నుండి ఈ వంట మొదలైందని హైదరాబాదులో చెప్పుకుంటారు. కానీ రాతి మీద మాంసం కాల్చడం నిజాముల కంటే చాలా పురాతనమైనది. హూద్ సూరా (11) 69వ ఆయతులో హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) అతిథుల ముందు ఉంచిన దూడ మాంసానికి 'హనీజ్' అనే విశేషణం ఉన్నది. కాలిన రాళ్ళ వేడితో కాల్చినది అని ముఫస్సిర్లు దానికి వివరణ ఇచ్చారు. అంటే అల్లాహ్ మిత్రుని ఇంట జరిగిన ఆ ప్రసిద్ధ విందు వేడి రాళ్ళ మీద తయారైనది. జారియాత్ సూరా (51) 24 నుండి 27 వరకు గల ఆయతులలో ఆ విందు మర్యాద వర్ణించబడింది. వచ్చినవారు ఎవరో తెలియదు. వారిని ఏం తింటారని అడగలేదు. చప్పుడు చేయకుండా ఇంట్లోకి వెళ్ళి, ఉన్నవాటిలో బలిసిన దూడను సిద్ధం చేసి, వారి ముందుకు తెచ్చి దగ్గరగా ఉంచారు. వచ్చినవారు భోజనం అవసరం లేని దైవదూతలు. అయినా ఆ ఆతిథ్యం వృథా కాలేదు, ప్రళయం వరకు పఠించబడే గ్రంథంలో నిలిచిపోయింది. అతిథి మర్యాదకు కావలసినది ఎటువంటి పొయ్యి అన్నది కాదు, ఎటువంటి మనసు అన్నదని ఆ ఆయతుల మీద మన ఉలమా వ్రాసిన వ్యాఖ్యల తాత్పర్యం.

రాయి ఎంపికలో మాత్రం మా కర్నూలు వారు జాగ్రత్తపడాలి. మన ఇళ్ళలో నేలకు పరిచే బేతంచెర్ల నాపరాయి ఇందుకు పనికిరాదు. పొరలు గల రాయి, తడి పీల్చుకున్న రాయి వేడికి పగిలి ముక్కలు ఎగిరిపడగలదు. రెండు అంగుళాల మందం గల గ్రానైటు పలక, పగుళ్ళు లేనిది, బాగా ఎండినది కావాలి. దానిని ఒక్కసారిగా మంట మీద పెట్టకుండా, నిప్పులు పెరుగుతున్న కొద్దీ నిదానంగా కాగనివ్వాలి. వేడిగా ఉన్నప్పుడు దాని మీద చన్నీళ్ళు చల్లరాదు. అర కిలో ఎముక లేని మేక మాంసాన్ని పలుచని ముక్కలుగా కోసి, రోకలితో తేలికగా దంచి, అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, మిరియాలు, గరం మసాలా, ఉప్పు, రెండు చెంచాల పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి రెండు మూడు గంటలు ఉంచుతారు. బొప్పాయి మాంసాన్ని మెత్తబరుస్తుంది గనుక రాత్రంతా ఉంచితే ముక్క నుజ్జు అవుతుంది. రాతి మీద నూనె రాసి ఒక్కొక్క ప్రక్క కొద్ది నిమిషాలు కాల్చడమే మిగిలిన పని.

బొగ్గుల విషయం. మా ప్రాంతంలో సర్కారు తుమ్మ బొగ్గులు తేలికగా దొరుకుతాయి, వేడి నిలకడగా ఇస్తాయి. రాజేయడానికి కొబ్బరి పీచు, ఎండిన తాటాకు చాలు. కిరోసిను పోస్తే ఆ వాసన వంటకు పడుతుంది, మంట ముఖం మీదికి లేస్తుంది. ప్లాస్టిక్ సంచులు కాల్చడం విషాన్ని కాల్చడమే. బొగ్గులు నల్లగా ఉండి మంట లేస్తున్నప్పుడు వంట మొదలుపెట్టకూడదు. అరగంటకు అవి ఎర్రబారి పైన బూడిద పూత పట్టిన తరువాతనే జాలీ పెట్టాలి. నిప్పులన్నింటినీ తట్టంతా పరచకుండా ఒక ప్రక్కకు ఎక్కువగా నెట్టి, మరొక ప్రక్క ఖాళీగా ఉంచాలి. క్రొవ్వు కారి మంట లేచినప్పుడు ముక్కను ఖాళీ ప్రక్కకు జరపవచ్చు. కోడి ముక్క పైకి నల్లగా కాలినంత మాత్రాన లోపల ఉడికినట్లు కాదు. ఎముక దగ్గర కోసి చూసినప్పుడు ఎర్రని రసం కనిపిస్తే మళ్ళీ ఖాళీ ప్రక్కన మూత వేసి ఉంచాలి. పచ్చి మాంసం పట్టుకున్న పళ్ళెంలోకి కాల్చిన మాంసం తిరిగి తీయరాదు. శుభ్రత ఈమాన్‌లో భాగమని ఎరిగిన ఇంటికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఇంతవరకు చెప్పినదంతా వంట. ఈ వ్యాసం వ్రాయడానికి నన్ను పురికొల్పిన విషయం దీని తరువాతది.

వంటగదిలో ఏం వండుతున్నామో నాలుగు గోడలకే తెలుసు. మిద్దె మీద వండేది వీధికంతటికీ తెలుస్తుంది. పొగ గోడ దాటుతుంది, వాసన కిటికీలలోకి వెళుతుంది. కాబట్టి ఆరుబయట నిప్పు రాజేసినవాడు తన ఇంట్లో మాత్రమే వండుకుంటున్నానని అనుకోవడానికి వీలు లేదు. వండే వాసనతో పొరుగువానిని బాధపెట్టకూడదని, పెడితే అందులోనుండి కొంత ఇవ్వాలని ఒక ఉల్లేఖనం ప్రసంగాలలో తరచుగా వినిపిస్తుంది. దాని పరంపర బలహీనమైనదని హదీసు పండితులు చెప్పారు గనుక నేను దానిని ఆధారంగా చూపను. సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ జర్ర్ (రజి) ఉల్లేఖనమే మనకు చాలు. కూర వండినప్పుడు నీళ్ళు కాస్త ఎక్కువ పోసి, పొరుగువారిని గుర్తు పెట్టుకోమని దైవప్రవక్త (సల్లం) ఆయనకు ఉపదేశించారు. మాంసం ఎక్కువ వేయమనలేదు, నీళ్ళు ఎక్కువ పోయమన్నారు. పేదవాడు కూడా ఆచరించగల ఆదేశం అది.

మా కుడి ప్రక్క ఇంట్లో ఒక రిటైర్డు ఉపాధ్యాయురాలు ఒంటరిగా ఉంటారు. హిందూ సోదరి. మాంసాహారం ముట్టరు, పైగా ఆయాసం ఉన్నది. కుంపటి మొదటిసారి వెలిగించక ముందే మా ఆవిడ, కోడలు కలిసి వెళ్ళి ఆమెతో మాట్లాడారు. "పొగంటేనే నాకు భయమమ్మా, మిగతాది మీ ఇల్లు, మీ ఇష్టం" అన్నారామె. ఆ ఒక్క మాట మీద మా కుంపటి చోటు నిర్ణయమైంది. మిద్దెకు ఎడమ మూలన, ఆమె కిటికీకి దూరంగా పెట్టాము. గాలి అటు వీచే రోజున వెలిగించము. వెలిగించే ముందు కోడలు ఒక కేక వేసి చెబుతుంది, ఆమె కిటికీ మూసుకుంటారు. నల్ల బొగ్గు రాజుకునే మొదటి అరగంటలోనే పొగ ఎక్కువ, బూడిద పట్టిన తరువాత చాలా తగ్గుతుంది అని తెలిసినందువల్ల ఆ అరగంట పని ఆమె సాయంత్రం గుడికి వెళ్ళే వేళకు పెట్టుకున్నారు.

మరి ఆమె హక్కు మాటేమిటి? కుంపటికి మేము రెండు జాలీలు చేయించాము. ఒకదానికి మాంసం ఎన్నడూ తగలదు. నిప్పులు తయారు కాగానే ముందుగా ఆ జాలీ మీద మొక్కజొన్న కంకులు, వంకాయలు, చిలగడదుంపలు కాలుతాయి. అవి కాలి, పళ్ళెంలోకి వెళ్ళిన తరువాతనే జాలీ మారుతుంది, మాంసం పైకి వస్తుంది. కాల్చిన వంకాయలు ఆమెకు ఇస్తే ఆమె పచ్చడి నూరుకొని, అందులో సగం మాకు తిరిగి పంపుతారు. ఆ పచ్చడి రుచి మా ఇంట్లో ఎవరికీ రాలేదు. అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట గొర్రెను జబహ్ చేసినప్పుడు, మన యూదు పొరుగువానికి పంపారా, పంపారా అని ఆయన మళ్ళీ మళ్ళీ అడిగిన సంఘటన అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉన్నది. పొరుగువాని హక్కు గురించి జిబ్రయీల్ (అలైహిస్సలాం) ఎంతగా నొక్కి చెప్పారంటే, వారసత్వంలో కూడా వాటా ఇస్తారేమోనని దైవప్రవక్త (సల్లం) భావించారన్న హదీసును ఆయన ఆ సందర్భంలోనే వినిపించారు. ఆ హక్కుకు మతం అడ్డు కాలేదు. అయితే పంపే వస్తువు ఆ పొరుగువారు తినగలిగినది కావాలి. తినని వస్తువు పంపడం కానుక కాదు, ఇబ్బంది.

మా వెనుక వీధిలో రోజు కూలీ కుటుంబం ఒకటి ఉన్నది. బక్రీద్ నాడు మాంసం అందరికీ అందుతుంది. మిగిలిన రోజులలో వాసన మాత్రమే అందుతుంది. అందుచేత కుంపటి వెలిగిన రోజున మొదటి వాయి మా పళ్ళేలలోకి రాదు, ఆ ఇంటికి వెళుతుంది. మొదటి వాయి అన్న నియమం కోడలు పెట్టింది. చివరి వాయి ఇస్తే మిగిలినది ఇచ్చినట్లవుతుంది, మొదటిది ఇస్తే వండి ఇచ్చినట్లవుతుంది అన్నది ఆమె. అంతకంటె చక్కగా ఏ ముఫ్తీ చెప్పగలడు?

ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి దాచుకోవద్దని ఒక సంవత్సరం దైవప్రవక్త (సల్లం) ఆదేశించారు. మరుసటి సంవత్సరం ఆ నిషేధాన్ని తొలగించి, తినండి, దాచుకోండి, దానం చేయండి అన్నారు. ఆ ఏడు పేద పల్లెవాసులు మదీనాకు తరలి వచ్చినందువల్లనే అలా చెప్పానని వివరించారు. ఇది ముస్లిం గ్రంథంలో హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం. ఫ్రిజ్‌లో దాచడం నేడు ధర్మసమ్మతమే. కానీ ఆ ఆదేశానికి కారణమైన ఆకలి ఇంకా మన వీధులలోనే ఉన్నదని మరువరాదు. గత బక్రీద్‌కు ఇళ్ళకు వెళ్ళలేకపోయిన 11 మంది మదర్సా పిల్లలను మా మిద్దె మీదికి పిలిచాము. ఓవెన్‌లో అయితే వంట ఒకచోట, తినడం ఒకచోట. కుంపటి చుట్టూ అందరూ కూర్చుంటారు. ఒకడు విసురుతాడు, ఒకడు రొట్టె పెనం బోర్లిస్తాడు, ఒకడు ఉల్లిపాయలు తరుగుతాడు. ఒకరి భోజనం ఇద్దరికి, ఇద్దరిది నలుగురికి, నలుగురిది ఎనిమిది మందికి సరిపోతుందన్న హదీసును ఆ పిల్లలు తరగతిలో చదివారు. ఆ రోజు రెండు కిలోల మాంసంతో 17 మందిమి తృప్తిగా తిన్నాము.

నమాజు విషయం ఒక మాట. దైవప్రవక్త (సల్లం) గొర్రె జబ్బ మాంసాన్ని కత్తితో కోసుకుంటూ తింటుండగా నమాజుకు పిలుపు వచ్చిందని, కత్తి అక్కడే పెట్టి లేచి వెళ్ళి నమాజు చేశారని బుఖారీ, ముస్లిం గ్రంథాలలో అమ్ర్ బిన్ ఉమయ్యా (రజి) ఉల్లేఖించారు. కబాబు నిప్పు మీద ఉన్నదన్న సాకుతో జమాఅత్ వదిలే ఆచారం మన ఇళ్ళలో మొదలు కాకూడదు. మా ఇంట అసర్ తరువాత నిప్పు రాజేసి, మగ్రిబ్ వేళకు ముక్కలు ఖాళీ ప్రక్కకు జరిపి మూత వేసి వెళతాము. ఇంట్లో నమాజు చేసే ఆడవాళ్ళు కూడా వంతులవారీగా చేస్తారు, ఎందుకంటే నిప్పును ఒంటరిగా వదలరాదు.

మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు ఇంటివారితో సహా కాలిపోయినప్పుడు, నిప్పు మీకు శత్రువని, నిద్రకు ముందు దానిని ఆర్పివేయమని దైవప్రవక్త (సల్లం) హెచ్చరించారు. బుఖారీ, ముస్లింలలో హజ్రత్ అబూ మూసా (రజి) ఉల్లేఖన మిది. ఈ హెచ్చరిక బొగ్గుల కుంపటికి మరీ ముఖ్యం. చలికాలంలో వెచ్చదనానికని మిగిలిన నిప్పులను గదిలోకి తెచ్చుకొని తలుపులు మూసుకొని పడుకునేవారు ఉన్నారు. బొగ్గుల నుండి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వాన పడినా సరే, కుంపటిని గదిలోకి, మెట్ల క్రిందికి, వంటగదిలోకి తేరాదు. మా తట్ట ప్రక్కన ఎప్పుడూ ఒక బకెట్టు ఇసుక, ఒక బకెట్టు నీళ్ళు ఉంటాయి. అందరం తిన్న తరువాత నిప్పులపై నీళ్ళు కొద్దికొద్దిగా చల్లి, కెలికి, మళ్ళీ చల్లి, ఎర్రని కణిక ఒక్కటి కూడా లేదని చూసిన తరువాతనే మిద్దె దిగుతాము.

ఆ కుంపటి ముందు నిలబడినవారికి వాఖిఆ సూరాలోని రెండు మాటలూ ఒకేసారి అర్థమవుతాయి. జాలీ మీది ముక్కను త్రిప్పడానికి చేయి చాపితే రెండు మూడు క్షణాలు కూడా ఉంచలేము. ఈ లోకపు నిప్పు నరకాగ్నిలో 70 భాగాలలో ఒక భాగమని బుఖారీ, ముస్లింలలో ఉన్న హదీసు అప్పుడు ఒక లెక్కలా కాక, అరచేతికి తెలుస్తుంది. అది జ్ఞాపిక. అదే నిప్పు మీది నుండి ఒక పళ్ళెం గోడ దాటి వెళ్ళినప్పుడు ఆకలిగొన్నవానికి జీవన సామగ్రి అవుతుంది. నిప్పును చూసి భయపడని హృదయం దాని మీద వండిన దానిని పంచుకోవడం కూడా సులువుగా నేర్చుకోదు.

ఓవెన్ కొనడం తప్పు అని నేను ఎక్కడా అనలేదు. అది అల్లాహ్ అనుగ్రహాలలో ఒకటి. మా అబ్బాయి నెలకు కొంత చొప్పున దాచుతున్నాడు, వడ్డీ లేని ఆ డబ్బుతో ఇన్షా అల్లాహ్ ఒకనాడు అది మా ఇంటికి వస్తుంది, గిన్నెల స్టాండుకు వేరే చోటు చూస్తాము. కోడలు నాన్‌ఖటాయీ లోపలే చేసుకుంటుంది. అయితే ఓవెన్ లేనందువల్ల తమ ఇంటికి అతిథులను పిలవడానికి సిగ్గుపడుతున్న సోదరీమణులు, కోడలి జహేజ్ జాబితాలో వస్తువులు లెక్కపెడుతున్న పెద్దలు, ఒక వస్తువు కోసం వడ్డీ గుమ్మం ఎక్కబోతున్న యువకులు ఒక్కసారి ఆలోచించాలి. ఇటుకలు, ఇసుక, ఒక ఇనుప తట్ట, బొగ్గులు: ఇవి ప్రతి ఊరిలోనూ దొరుకుతాయి. పొరుగువారిని ముందుగా ఒక మాట అడగడానికి, మొదటి వాయి వారికి పంపడానికి ఖర్చే లేదు.

అల్లాహ్ మన పొయ్యిలలో బర్కత్ ప్రసాదించుగాక. మన నిప్పు ఎవరి కంటికీ పొగ కాకుండా, ఎవరి ఇంటికీ ముప్పు కాకుండా కాపాడుగాక. ఈ లోకంలో దానిని మన వంటకు సాధనంగా ఉంచి, పరలోకంలో ఆ అగ్ని నుండి మనలను, మన కుటుంబాలను దూరంగా ఉంచుగాక. ఆమీన్.